సినిమాలో ట్విస్టు మీకు ముందే తెలిసిపోతోందా?

రెండోఆట
పోయిన శనివారం అమ్మను ఒక థ్రిల్లర్ సినిమాకు తీసుకువెళ్ళాను. పేరు చెప్పను, ఇంకా హాళ్ళలో ఆడుతోంది. మొదలై అరగంట కాలేదు. పేరున్న నటుడొకాయన తెర మీదికి వచ్చి, హీరో భుజం తట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మ వెంటనే "చంపింది ఇతనే" అంది. గొంతు తగ్గించి మాట్లాడడం ఆమెకు రాదు, ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. మా వరుసే కాదు, ముందున్న రెండు వరుసలూ విన్నాయి. ఒకాయన వెనక్కి తిరిగి "ఇదివరకే చూశారా అమ్మా?" అని అడిగాడు. లేదంటే నమ్మలేదు.

చివరికి అతనే హంతకుడు. లైట్లు వేశాక ఆ పెద్దమనిషి మావైపు చూసిన చూపు మరిచిపోలేను. ఆయన టికెట్టు డబ్బులు మేమే కాజేసినట్టు చూశాడు.

ఇంటికి వచ్చే దారిలో ఎలా కనిపెట్టావని అడిగాను. "భుజం తట్టడానికి అంత ఖరీదైన మనిషిని పెట్టుకుంటారా?" అంది. అంతే. కథలో ఆధారాలు, అనుమానాలు ఏవీ ఆమెకు అక్కర్లేదు.

ఇప్పుడు నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఏ సినిమా చూసినా కథ వదిలేసి నటీనటుల జీతాలు లెక్కపెడుతున్నాను. మీకూ ఇలాగే ముందే తెలిసిపోతోందా? చివరిదాకా మిమ్మల్ని నిజంగా బోల్తా కొట్టించిన సినిమా ఏది? గొప్పలకు పోకుండా చెప్పండి.

చివరివరుస
అమ్మగారి లెక్కకు తిరుగులేదు. నేను టైటిల్స్‌లో పేర్లు చదువుతాను. పేరు ముందు పడి, ఇంటర్వెల్ దాకా ఆ మనిషికి పని లేదంటే రెండో సగం ఆయనదే.

నిమ్మసోడా
మా ఇంట్లో సూత్రం ఇంకా సులువు. అందరికంటే మంచివాడు ఎవరో వాడే హంతకుడు. ఈ లెక్కన మా చిన్నాన్న మీద నాకు ఎప్పటినుంచో అనుమానం.

గోదారిగట్టు
ఆ సూత్రం అన్నిచోట్లా పారదు. రంగస్థలం (2018) తీసుకోండి. ప్రకాశ్ రాజ్ అంతటి నటుడు సినిమాలో మంచంలో పడి ఉంటాడు. మీ అమ్మగారి లెక్క ప్రకారం హాలంతా లేచి "ఇతనే" అనాలి. మా రాజమండ్రిలో మొదటిరోజు ఒక్కరూ అనలేదు. నేనూ అనుకోలేదు. హీరో చిట్టిబాబు అంత సేవ చేస్తుంటే, కృతజ్ఞత కాబోలు అనుకుని కళ్ళు తుడుచుకున్నవాణ్ణి.

కారణం నాకు తరవాత తట్టింది. మన కోపమంతా ప్రెసిడెంటు మీదికి మళ్ళించి పెట్టారు. జగపతిబాబు ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఇంకొకడి వైపు చూసే తీరిక మనకు ఉండదు. ఒక విలన్‌ను ఎదురుగా పెట్టి, ఇంకొకణ్ణి వాడి నీడలో పడుకోబెట్టారు.

కరీంనగర్_కవిత
నాకు అక్కడ అనుమానం వచ్చింది, కాదనను. పోయిన ఎన్నికల్లో ఓడిన మా ఊరి నాయకుడి నవ్వు కూడా అలాగే ఉంటుంది. కానీ చిట్టిబాబు అన్నను ఎందుకు చంపాడన్నది మాత్రం ఊహించలేదు. సొంత కూతురి ప్రేమ, కులం. ఆ మాట బయటపడ్డాక నేను కుర్చీలో వెనక్కి వాలాను. "ఎవరు" అన్నది తెలిసినా "ఎందుకు" అన్నది తెలియకపోతే మనం ఏమీ కనిపెట్టనట్టే. రెండోఆట గారూ, మీ అమ్మగారు ఎవరో చెప్పారు సరే, ఎందుకో చెప్పారా?

రెండోఆట
కవిత గారూ, అడిగాను. "అది వాళ్ళ ఇంటి గొడవ, మనకెందుకు" అంది.

తాబేలు
నేను సినిమాలు ఆలస్యంగా చూసేవాణ్ణి, పేరులోనే ఉంది. ఒక్క మనవి. కేరాఫ్ కంచరపాలెం ఇంకా చూడలేదు. చివర్లో ఏదో ఉందని మాత్రం తెలుసు. దయచేసి దాని గురించి ఎవరూ ఏమీ అనకండి. మిగతావన్నీ మీ ఇష్టం.

నిమ్మసోడా
2018లో వచ్చిన సినిమాకు ఇప్పుడు రక్షణ కోరుతున్నారా? తాబేలు గారూ, దానితో పాటు బడిలో చేరిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు.

పాతఆపరేటర్
నేను పద్దెనిమిదేళ్ళు ప్రొజెక్టర్ క్యాబిన్లో పనిచేశాను. మాది చిన్న పట్నం, రెండు హాళ్ళు. క్యాబిన్ నుంచి మేం చూసేది సినిమాను కాదు, తలలను. చిన్న కిటికీలోంచి చీకట్లో వందల తలలు కనిపిస్తాయి. కథ పట్టు తప్పితే తలలు అటూ ఇటూ కదులుతాయి. పట్టు చిక్కితే ఒక్క తలా కదలదు. ట్విస్టు పండిందా లేదా అన్నది నాకు మాటల్లో కాదు, తలల్లో తెలిసేది.

2006 ఏప్రిల్‌లో పోకిరి వచ్చింది. పండు అసలు ఎవరో తెలిసే చోట మొదటిరోజు మ్యాట్నీకి ఒక్క క్షణం హాలంతా బిగుసుకుపోయింది. ఆ తరవాత లేచిన అరుపుకు క్యాబిన్ అద్దం అదిరింది. చెప్పదలచుకున్నది అది కాదు. మూడో వారానికి హాల్లో సగంమంది రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్ళే. అందరికీ అంతా తెలుసు. అయినా ఆ సీను వస్తోందనగా ముందే లేచి నిలబడేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు వీళ్ళెందుకు లేస్తున్నారో తెలియక బిక్కమొహం వేసేవారు. అప్పుడు అరుపు మొదటిరోజు కంటే పెద్దది. తెలిస్తే మజా పోతుందని ఎవరైనా అంటే నాకు ఆ మూడో వారం గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. చేసిన తప్పు ఒప్పుకోవాలి. వేరే సినిమాకు ఒకసారి నిద్రమత్తులో రీళ్ళు ముందువెనకలు ఎక్కించాను. హంతకుడు ఎవరో ముందు తెలిసిపోయింది, అనుమానించడం తరవాత వచ్చింది. యజమాని పరుగెత్తుకొచ్చాడు, కింద గోల జరుగుతుందని. ఒక్కరూ అడగలేదు. బయటికి వెళ్తూ ఒక కుర్రాడు "స్క్రీన్‌ప్లే కొత్తగా ఉంది" అన్నాడు.

నిమ్మసోడా
ఆపరేటర్ గారూ, ఆ కుర్రాడు ఇప్పుడు దర్శకుడై ఉంటాడు. నాన్-లీనియర్ అంటే ఏమిటో మీ వల్లే తెలిసింది అతనికి.

ఎడిటింగ్‌టేబుల్
ఎడిటింగ్ గదిలో సహాయకుడిగా పనిచేస్తున్నాను. సినిమాల పేర్లు అడగవద్దు. ఈ చర్చలో అందరూ ట్విస్టును "దాచడం" అంటున్నారు. మా పనిలో దాచడం చాలా తక్కువ. దాస్తే చూసేవాడికి వాసన వస్తుంది. ఒక పాత్ర ముఖం చూపకుండా తిప్పి తిప్పి తీస్తే, ఆ ముఖం మనకు తెలిసినదేనని ఐదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు.

చేసేది ఏమిటంటే, ఆధారాన్ని ఎదురుగానే పెట్టి, చూసేవాడి బుర్రకు అప్పుడే ఇంకో పని అప్పగించడం. కామెడీ సీను మధ్యలో పెట్టిన ఆధారం ఎవరికీ గుర్తుండదు, నవ్వినచోట మనం వెతకం. పాటకు ముందు మాటలో పెట్టినా అంతే.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ దృశ్యం. 2013లో జీతూ జోసెఫ్ తీసిన మలయాళ మాతృక మొదలయ్యేదే కొత్త పోలీస్ స్టేషన్లో కూర్చున్న హీరోతో. అంటే సమాధానం ఎక్కడుందో మొదటి నిమిషాల్లోనే మనల్ని తీసుకువెళ్ళి కూర్చోబెట్టాడు. ఆ నేల మీద హీరో కాళ్ళు ఆనించి ఉన్నాయి. కింద ఏముందని ఎవరైనా అడిగారా? అంతసేపూ మనం "పోలీసులకు దొరుకుతాడా" అన్న భయంలో ఉన్నాం. శవం ఎక్కడ అన్న ప్రశ్న మనకు గుర్తొచ్చేసరికి సినిమా అయిపోవచ్చింది.

గోదారిగట్టు
ఇది చదివి ఒళ్ళు జలదరించింది. నేను తెలుగుది మూడుసార్లు చూశాను, వెంకటేశ్ కోసం. ఈ కోణంలో ఒక్కసారీ ఆలోచించలేదు.

అట్లాంటా_అల్లుడు
మాకు ఇంకో రకం బాధ. ఇక్కడ ప్రీమియర్ షో అయ్యేసరికి మీకు ఇంకా మొదటి ఆట పడదు. హాల్లోంచి బయటికి వచ్చి ఫోను తీస్తే బావమరిది నుంచి ఇరవై మెసేజులు. "ఎలా ఉంది చెప్పు, కథ చెప్పకు, ట్విస్టు ఉందా అది మాత్రం చెప్పు." ఉందని చెప్పినా తప్పే కదా? ఉందని తెలిసినవాడు ఇక సినిమా చూడడు, వెతుకుతాడు.

ఇంట్లో ఓటీటీలో చూస్తే అది మరీ అన్యాయం. మొన్న ఒక సినిమాలో ముసుగు మనిషి ఫోన్లో బెదిరిస్తున్నాడు. గొంతు మార్చారు, ముఖం లేదు, గది చీకటి. అంత కష్టపడ్డారు. కింద సబ్‌టైటిల్‌లో మాత్రం అతని పేరు, పక్కన రెండు చుక్కలు, ఆ తరవాత డైలాగు! నా భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

కరీంనగర్_కవిత
కింద కదిలే ఆ గీత సంగతి కూడా చెప్పండి. హంతకుణ్ణి పట్టుకున్నారు, సంకెళ్ళు వేశారు, హీరో నిట్టూర్చాడు. గీత చూస్తే ఇంకా నలభై నిమిషాలు ఉంది. అంటే వీడు కాదు. నేను ఆ గీత మీద స్టిక్కర్ అంటించి చూస్తున్నాను, నిజం.

నిమ్మసోడా
స్టిక్కరా! మా ఇంట్లో టీవీకి అమ్మ పెట్టిన బొట్టే ఉంది.

యుగంధర్_అభిమాని
మీరంతా ఇది ఇప్పటి జబ్బు అనుకుంటున్నారు. మా తరానికి ఇది అద్దె పుస్తకాల దుకాణంలో అంటుకుంది. కొమ్మూరి సాంబశివరావు నవలలు రోజుకు ఒకటి చదివేవాళ్ళం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. సగం చదివి మూసేసి, హంతకుడి పేరు అట్ట లోపల పెన్సిలుతో రాసి, తరవాతివాడికి ఇచ్చేవాడు మా స్నేహితుడు ఒకడు. వాడు రాసింది సగం సార్లు తప్పు. అయినా ఆ పేరు మన బుర్రలో కూర్చుని చివరిదాకా లేచేది కాదు. వాడి వల్ల నేను మోసపోయినన్ని సార్లు కొమ్మూరి వల్ల కూడా మోసపోలేదు.

1985లో వంశీ అన్వేషణ వచ్చినప్పుడు అదే ముఠా కలిసి వెళ్ళాం. అడవిలో చావులన్నీ పులి మీదికి పోతుంటాయి. పులి కాదని మాకు మొదటే తెలుసు, పులికి డేట్లు ఎవరిస్తారు. ఇంటర్వెల్లో ఐదుగురం ఐదు పేర్లు చెప్పి, ఓడినవాళ్ళు సోడాలు కొనాలని పందెం. ఎవరు గెలిచారో చెప్పను, ఇంకా చూడనివాళ్ళు ఉంటారు. కానీ నాకు ఆ సినిమాలో గుర్తున్నది హంతకుడు కాదు. ఇళయరాజా వాయిద్యాలు ఆగిపోయి అడవి నిశ్శబ్దమైన చోట్లు. తరవాత ఎన్నిసార్లు చూసినా, చంపేది ఎవరో తెలిసినా, ఆ నిశ్శబ్దం దగ్గర కాళ్ళు పైకి పెట్టుకుంటాను.

చివరివరుస
యుగంధర్ గారి మాటకు నా అనుభవం ఒకటి. తెలిసినవాడు ఎలా దెబ్బతింటాడో చెబుతాను.

2016లో వచ్చిన స్పానిష్ సినిమా కోంత్రాతియెంపో చూశాను. 2019 మార్చిలో దాన్నే హిందీలో బద్లాగా తీస్తే అదీ చూశాను. అదే ఏడాది ఆగస్టు 15న తెలుగులో "ఎవరు" అనే సినిమా వచ్చింది. మూలం అదేనని తెలిసి, ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. పాప్‌కార్న్ నములుతూ పాఠం చెప్పడమే. "ఇప్పుడు చూడు, ఆ వచ్చినవాడు ఎవరో నాకు తెలుసు."

ఇంటర్వెల్‌కు కాలు దించాను. కథను ఎంత మార్చేశారంటే, నాకు తెలిసిన ప్రతిదీ నన్ను పక్కదారి పట్టించింది. ఏమీ తెలియని మిత్రులు హాయిగా చూశారు. నేను ఒక్కణ్ణే మూడు సినిమాలు ఒకేసారి చూస్తూ తికమక పడ్డాను. బయటికి వచ్చాక టీ డబ్బులు నాచేతే ఇప్పించారు.

తాబేలు
"ఎవరు" సినిమా కూడా చూడలేదు. రాసుకున్నాను.

పాతఆపరేటర్
చివరివరుస గారూ, రీమేకు తీసేవాళ్ళకు ఇది పెద్ద చిక్కు. మార్చకపోతే తెలిసిందే అంటారు, మారిస్తే చెడగొట్టారంటారు. మీ విషయంలో మార్చి గెలిచారు.

వైజాగ్_వాన
ట్విస్టు అంటే అందరూ హత్యలూ పోలీసులూ అంటున్నారు. నన్ను బోల్తా కొట్టించింది హత్య లేని సినిమా. మాది కంచరపాలేనికి రెండు కిలోమీటర్లు. ఆ సినిమాలో నటించింది చాలావరకు ఆ పేట జనమే కాబట్టి, తెలిసిన ముఖాలు కనిపిస్తాయేమోనని వెళ్ళాం. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తుంటాయి. బడి పిల్లాడు సుందరం, జిమ్ముకు సంబంధించిన జోసెఫ్, మందు దుకాణంలో గడ్డం, పెళ్ళికాని నలభై తొమ్మిదేళ్ళ అటెండరు రాజు. ఒకే పేటలో నలుగురు మనుషులు అనుకుంటూ కూర్చున్నాం. చివర్లో ఆ నలుగురూ ఒక్కడే అని, అన్నీ రాజు జీవితమేనని తెలిసినప్పుడు మా నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన సినిమాల్లో చెయ్యి పట్టుకునే మనిషి కాదు.

అది ఎందుకు ఊహించలేదంటే, ఊహించాలని ఎవరూ అడగలేదు. హత్య జరిగితే హంతకుణ్ణి వెతుకుతాం. ప్రేమకథలో దేన్ని వెతుకుతాం?

నిమ్మసోడా
అయ్యో.

గోదారిగట్టు
వైజాగ్_వాన గారూ, పైన తాబేలు గారి పోస్టు చూడలేదా?

వైజాగ్_వాన
ఇప్పుడు చూశాను. నేను రెండోఆట గారి ప్రశ్న చదివి నేరుగా కిందికి వచ్చేశాను. తాబేలు గారూ, క్షమించండి. తీసేద్దామంటే సమయం దాటిపోయిందంటోంది.

తాబేలు
ఒక్కటే అడిగాను. ప్రపంచంలో అన్ని సినిమాలూ వదిలేశాను, ఒక్కదాన్ని అడిగాను. ఏడేళ్ళకు పైగా కాపాడుకున్నాను. పెళ్ళిళ్ళలో ఆ మాట వస్తే లేచి వెళ్ళిపోయాను. ఆఫీసులో చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. ఆఖరికి సినిమా చర్చలోనే, అదీ ముందే చెప్పిన చోట.

నిర్వాహకుడు
ఆ పోస్టు మీద ముసుగు వేశాను, ఇక నొక్కితేనే కనిపిస్తుంది. ఇకపై రెండేళ్ళలోపు సినిమాలకు ముసుగు తప్పనిసరి. పాతవాటికి ఎవరి జాగ్రత్త వారిది. తాబేలు గారి విషయంలో ఆలస్యమైంది, అది నా లోపం.

నిమ్మసోడా
ఆలస్యం తాబేలు గారికి కొత్త కాదు.

కరీంనగర్_కవిత
నిమ్మసోడా గారూ, కాస్త ఆగండి. ఆయన నిజంగా బాధపడుతున్నారు.

అట్లాంటా_అల్లుడు
బాధ అక్కర్లేదంటాను. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాండియెగో ప్రాంగణంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చిన్న కథలు చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. చివర్లో మలుపు ఉన్న కథల్లో కూడా, ముగింపు ముందే తెలిసినవాళ్ళకే కథ కొంచెం ఎక్కువ నచ్చింది.

నిమ్మసోడా
ఆ విద్యార్థులకు బెనిఫిట్ షో టికెట్టు బ్లాకులో కొనిపించి, అప్పుడు ముగింపు చెప్పి చూడమనండి. శాస్త్రవేత్తలు తిరిగి ఇంటికి వెళ్ళరు.

ఎడిటింగ్‌టేబుల్
ఆ పరిశోధన గురించి నేనూ చదివాను. తరవాత వేరేవాళ్ళు చేసినవాటిలో దానికి విరుద్ధంగా కూడా వచ్చింది. పైగా అవి చదివిన కథలు. నలుగురితో చీకట్లో కూర్చుని చూసేది వేరు.

యుగంధర్_అభిమాని
పరిశోధన దాకా ఎందుకండీ. మాయాబజార్ (1957) చూడండి. పెళ్ళిపీటల మీద ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడని హాల్లో అందరికీ తెలుసు. తెలియనిది తెర మీద ఉన్నవాళ్ళకు మాత్రమే. సావిత్రి మగవాడి నడక నడిచినప్పుడల్లా మనం నవ్వేది ఆ తెలిసినతనం వల్ల కాదా? కె.వి.రెడ్డి గారు ఆ రహస్యాన్ని మననుంచి దాచి చివర్లో బయటపెట్టి ఉంటే ఒక్క నిమిషం ఆశ్చర్యపోయేవాళ్ళం. చెప్పేశారు కాబట్టి ఇన్నేళ్ళుగా నవ్వుతున్నాం.

అసలు మనది ముగింపు తెలిసిన కథలు వినే జాతి. కర్ణుడు కుంతి కొడుకని తెలియకుండా ఎవరైనా భారతం వింటారా? హరిదాసు ఆ చోటికి వచ్చేసరికి పందిట్లో ముసలమ్మలు ముందే కొంగు తీసి పట్టుకునేవారు.

చివరివరుస
మీ మాటకు అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాయాబజార్ చెప్పి చూపించాల్సిన కథ, చెప్పి చూపించారు. దృశ్యంలో శవం ఎక్కడుందో మొదటే చెబితే అది ఇంకో సినిమా. చెప్పాలా వద్దా అన్నది తీసినవాడి హక్కు. పక్క కుర్చీవాడిది కాదు.

యుగంధర్_అభిమాని
అది ఒప్పుకుంటాను. పక్క కుర్చీవాడికి ఏ హక్కూ లేదు.

రెండోఆట
పక్క కుర్చీలో మా అమ్మ ఉందని గుర్తుచేస్తున్నాను.

పాతఆపరేటర్
హక్కు మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1960లో సైకో విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపవద్దని హిచ్‌కాక్ హాళ్ళకు షరతు పెట్టాడు. పేరున్న హీరోయిన్ సగం కాకముందే చనిపోతుంది కదా, ఆలస్యంగా వచ్చినవాడు ఆమె కోసం చివరిదాకా ఎదురుచూస్తాడని. ఆ షరతు మా హాల్లో పెట్టి ఉంటే మొదటి ఆటకు నేను, గేటు దగ్గర మనిషి, సమోసాల అబ్బాయి, ముగ్గురమే ఉండేవాళ్ళం.

అట్లాంటా_అల్లుడు
లండన్లో ది మౌస్‌ట్రాప్ నాటకం 1952 నుంచి ఆడుతోంది, కరోనా అప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. హంతకుడు ఎవరో బయట చెప్పవద్దని నాటకం అయ్యాక ప్రేక్షకులను కోరతారు. నేను చూశాను. ఇక్కడ చెప్పను.

నిమ్మసోడా
వైజాగ్_వాన గారికి మాత్రం చూపించకండి.

వైజాగ్_వాన
నాకు ఇది తగినదే.

కరీంనగర్_కవిత
హత్య లేని ట్విస్టు అన్నారు కదా, జెర్సీ (2019) నా లెక్కలో అన్నిటికంటే పైన ఉంటుంది. అర్జున్ క్రికెట్ ఎందుకు మానేశాడన్నది మనకు సినిమా పొడవునా ఒక రకంగా తెలుసు. చేతకానితనం అనుకుంటాం, అహం అనుకుంటాం, భార్యతో పాటు మనమూ విసుక్కుంటాం. గుండె జబ్బు సంగతి చివర్లో తెలిశాక అతని మీద పడ్డ విసుగంతా మన మీదికి తిరుగుతుంది. ప్రాణానికి ముప్పని తెలిసే మళ్ళీ బ్యాటు పట్టుకున్నాడు.

రెండోసారి చూసినప్పుడు స్టేషన్లో రైలు వెళ్తుంటే అతను అరిచే అరుపు దగ్గర నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మొదటిసారి అది సంతోషం. రెండోసారి దాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఒకే సీను, ఒకే నాని, ఒక్క అక్షరం మారలేదు.

గోదారిగట్టు
ఆ రైలు సీను గురించి మీరు చెప్పింది వెయ్యి శాతం నిజం.

చివరివరుస
నాది ఇంకో లెక్క. హీరోయిన్‌ను మన ప్రేక్షకుడు అనుమానించడు. విరూపాక్ష (2023)లో ఊళ్ళో అందరినీ అనుమానించాను, గుడిని, చెట్టును కూడా. ఆమెను మాత్రం పాటల కోసమే ఉందనుకుని వదిలేశాను. తప్పు నాదే. ఇన్నేళ్ళ సినిమాలు నాకు ఆ అలవాటు నేర్పాయి. ఆ దర్శకుడు నా అలవాటు మీదే కొట్టాడు.

కరీంనగర్_కవిత
"పాటల కోసమే ఉందనుకుని." ఈ వాక్యాన్ని మీరే ఇంకోసారి చదువుకోండి.

చివరివరుస
చదువుకున్నాను. సిగ్గుపడుతున్నాను.

ఎడిటింగ్‌టేబుల్
ఇది నేను చెప్పాల్సిన మాట. అమ్మగారి సూత్రం పనిచేసేది కూడా అందుకే. కథ ఆమెను మోసం చేయలేదు, అక్కడ నటుణ్ణి ఎంచుకున్న తీరే గుట్టు విప్పింది. ఆ పాత్రకు కొత్త ముఖాన్ని పెట్టి ఉంటే ఆమెకు లెక్క దొరికేది కాదు. కంచరపాలెంలో... సరే, ఆపేస్తాను. అక్కడ ఎవరి జీతమూ మనకు తెలియదు అని మాత్రం అంటాను.

నిమ్మసోడా
చిన్న చర్చ. హాలీవుడ్ దర్శకుడు శ్యామలన్ పుట్టింది మాహేలో. మాహే పుదుచ్చేరిలో భాగం. యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే. కాబట్టి 1999లో ది సిక్స్త్ సెన్స్ తీసింది మనవాడే.

గోదారిగట్టు
మా పక్కనున్న యానాన్ని వదిలెయ్యండి మహాప్రభో.

రెండోఆట
ఈ చర్చంతా అమ్మకు చదివి వినిపించాను. యుగంధర్ గారి సోడా పందెం దగ్గర నవ్వింది. కవిత గారి రైలు దగ్గర ఏమీ అనలేదు. నిన్ను బోల్తా కొట్టించిన సినిమా ఏదీ లేదా అని అడిగాను. "సినిమాలు ఎందుకు, నువ్వు కొట్టించలేకపోయావు కదా" అంది.

సంగతి ఏమిటంటే, నా పెళ్ళి ప్రేమపెళ్ళి. రెండేళ్ళు ఇంట్లో దాచాను. ఆఖరికి ధైర్యం చేసి చెబితే అమ్మ పప్పు గిన్నె దించుతూ "తెలుసు" అంది. ఎప్పటినుంచి అంటే, మొదటిసారి ఆ అమ్మాయి నోట్సు కోసం ఇంటికి వచ్చినప్పటినుంచి అట. ఎలా అని అప్పుడు అడగలేదు. ఇవాళ అడిగాను. "నోట్సు కోసం రెండు బస్సులు మారి ఎవరైనా వస్తారా?"

నిమ్మసోడా
భుజం తట్టడానికి అంత ఖరీదైన మనిషిని పెట్టుకుంటారా!

పాతఆపరేటర్
ఈ అమ్మగారిని సెన్సారు బోర్డులో వేయాలి.

యుగంధర్_అభిమాని
యుగంధర్ బతికి ఉంటే రాజును పంపించేసి ఈమెను పెట్టుకునేవాడు.

తాబేలు
నాలుగు రోజులు ఇటు రాలేదు. కోపం వల్ల అనుకునేరు, కాదు. నిన్న రాత్రి కంచరపాలెం చూశాం, నేనూ మా ఆవిడా. ఆమెకు ఏమీ తెలియదు. నేను చెప్పలేదు.

మొదటి అరగంట చిరాకుగానే ఉంది. తెలిసిపోయిందిగా అని. తరవాత నాకు తెలియకుండానే ఇంకో ఆట మొదలైంది. గడ్డం అన్నది పేరు కాదు, పిలుపు. అది నేను పట్టుకున్నాను, ఆవిడ పట్టుకోలేదు. బడి పిల్లాడికి దెబ్బ తగిలితే, వీడు నలభై తొమ్మిదేళ్ళ దాకా దీన్ని మోస్తాడు అని నాకు తెలుసు, ఆ పిల్లాడికి తెలియదు. యుగంధర్ గారూ, మీ కర్ణుడు గుర్తొచ్చాడు. ఒక్కో కథ ముగుస్తుంటే ఆవిడ "పాపం" అని తరవాతి కథలోకి వెళ్ళిపోతోంది. నాకు మాత్రం అన్నీ ఒక్కడి మీదే పడుతున్నాయి.

ఆఖరి పావుగంట నేను తెర చూడలేదు. ఆవిడ ముఖం చూశాను. సంగతి బయటపడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నిండాయి. పేర్లు పడ్డాక ముక్కు తుడుచుకుని నావైపు తిరిగి "నాకు ముందే తెలుసు" అంది.

వైజాగ్_వాన గారూ, మీ మీద కోపం లేదు. కానీ "ఎవరు" సినిమా జోలికి మాత్రం రావద్దు. అది వచ్చే వారం.

వైజాగ్_వాన
నేను అసలు చూడనే లేదు దాన్ని. ఒట్టు.

కరీంనగర్_కవిత
తాబేలు గారూ, ఆవిడకు మీకు ముందే తెలుసన్న సంగతి చెప్పారా?

తాబేలు
చెప్పలేదు. దయచేసి ఇక్కడ కూడా ఎవరూ అనకండి, ఆవిడ అప్పుడప్పుడు చదువుతుంది.

రెండోఆట
వచ్చే శనివారం కొత్తది ఒకటి వస్తోంది. అమ్మకు టికెట్టు తీశాను. చివరి వరుస, మూల సీటు. పక్కన గోడ.

నిమ్మసోడా
ఏ ఊరు, ఏ హాలు, ఏ ఆట? వేరే దానికి తీసుకుంటాను.